మోగిందని నమోదైన గంట

వేములదిన్నె పురపాలక సంఘం కార్యాలయానికి నలభై ఏళ్లుగా తలుపు ఉంది గానీ, పగటిపూట అది మూసి ఉండగా చూసినవాళ్లు లేరు. పొద్దున్నే తీసి గోడకు ఆనించి, కింద ఇటుకరాయి అడ్డం పెడితే మళ్లీ సాయంత్రం దాకా అంతే. జనం వచ్చేవారు, పోయేవారు. పని అయ్యేది కాదు, అది వేరే సంగతి. తలుపు మాత్రం తెరిచి ఉండేది.

ఆ తలుపును మూయించింది ఒక గంట.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పౌరుని రాకను గౌరవించే పథకమని దానికి పేరు. ప్రతి కార్యాలయం గుమ్మానికీ తీగలతో పనిచేసే స్మార్ట్ డోర్‌బెల్లు ఒకటి బిగించాలి. వచ్చిన పౌరుడు బయట మీట నొక్కాలి. లోపల హాల్లో గంట మోగాలి. మోగితేనే తలుపు తీయాలి, మోగితేనే కాగితం తీసుకోవాలి. తలుపు తెరిచి ఉంటే గంటకు గౌరవం ఉండదు గనుక తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. ఉత్తర్వు మొత్తం పదకొండు పేజీలు. గంట మోగకపోతే ఏం చేయాలన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. ప్రభుత్వం కొన్న గంట మోగకపోవడమనేది ఉత్తర్వు రాసినవారి ఊహకు అందలేదు.

ప్రారంభోత్సవం నాడు దూదేకుల మీరయ్య ఆఫీసు ముందరే ఉన్నాడు. ఉత్సవానికని కాదు. ఆఫీసు నీళ్లమోటారుకు వైండింగు చేసి, తోపుడుబండి మీద తెచ్చాడు. ముఖ్య అతిథి వచ్చి వెళ్లేదాకా మోటారు లోపలికి పోవడానికి వీల్లేదన్నారు గనుక ఎండలో నిలబడ్డాడు.

ముఖ్య అతిథి మీట నొక్కాడు. మీట చుట్టూ నీలం వెలుగు తిరిగింది. ఒక ఆడగొంతు, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు, "మీ రాక మాకు ఆనందదాయకం. లోపల గంట మోగింది. దయచేసి వేచి ఉండండి" అంది. అప్పుడు లోపల గంట ఘణఘణమని మోగింది. జనం చప్పట్లు కొట్టారు.

మీరయ్య కొట్టలేదు. కరెంటుతో మోగే గంట మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా మోగుతుంది. ఇది నీరసంగా మొదలై, ఊపందుకుని, మధ్యలో అలిసిపోయి, ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఊపే చెయ్యి మారిందన్నమాట.

"అది కరెంటు గంట కాదు. ఎవరో చేత్తో ఊపుతున్నారు" అన్నాడు.

పక్కనున్న మనిషి ఆయన్ని ఎగాదిగా చూసి రెండడుగులు జరిగి నిలబడ్డాడు.

రెండు నెలలు కావస్తోంది. ఒకనాడు గానుగ వీధిలో కుడివైపున్న నలభై రెండు కొట్ల గోడల మీద ఎర్రరంగు గీతలు పడ్డాయి. వెనకే నోటీసులు అంటించారు. వీధిని అరవై అడుగులకు వెడల్పు చేయ సంకల్పించడమైనది, అభ్యంతరములున్నవారు పదిహేను దినములలోపు స్వయముగా కార్యాలయమునకు విచ్చేసి లిఖితపూర్వకముగా సమర్పించవలెను, అట్లు చేయనివారికి అభ్యంతరము లేనట్లుగా భావింపబడును, పదహారవ దినమున తొలగింపు పనులు మొదలగును.

మీరయ్య కొట్టు ఆ నలభై రెండింట్లో తొమ్మిదోది. మోటార్ల వైండింగు కొట్టు, పెట్టి ముప్పై నాలుగేళ్లు. అందులో ఇరవై తొమ్మిదేళ్లు ఆయన భార్య కాశింబీ చేతిమిషను ముందు కూర్చుని రాగితీగ చుట్టింది. పైకి లెక్కపెట్టేది కాదు, పెదాలు కదిలేవి కావు, చుట్లు మాత్రం ఒక్కటి తప్పేవి కావు. ఆమె పోయి ఐదేళ్లు. అప్పటినుంచి మీరయ్య అవసరమైనంతవరకే మాట్లాడుతున్నాడు. పొద్దున ఏడింటికి కొట్టు తీస్తాడు, రాత్రి కడతాడు. ఇల్లు పడుకోవడానికి. కొట్టు పోతే ఆయనకు మిగిలేది ఆ ఇల్లొక్కటే. అందులో పొయ్యి వెలిగి ఐదేళ్లు.

నోటీసు రెండుసార్లు చదివి తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశాడు. వీధికి ఎడమవైపు పాత బండ్ల స్టాండు జాగా ఖాళీగా ఉంది. అది సర్కారుదే. కావలసిన వెడల్పు అటు తీసుకోవచ్చు. కొట్లు పడగొట్టే పనిలేదు. అంతే. మూడేళ్ల పిల్లకైనా కనపడే సంగతి. నోటీసు రాసినవారు వీధికి రాలేదు గనుక వారికి కనపడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి మీట నొక్కాడు. నీలం వెలుగు తిరిగింది. ఆయన రాక వాళ్లకు ఆనందదాయకమంది. లోపల గంట మోగిందంది. వేచి ఉండమంది. ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు.

మెట్ల మీద అప్పటికే పాతికమంది కూర్చుని ఉన్నారు. తలుపు మీద ఒక బోర్డు ఉంది. "తలుపు తట్టరాదు. తట్టుట వలన కలుగు శబ్దము రాకగా పరిగణింపబడదు."

సోడాకొట్టు శేషమ్మ కొంగుతో విసురుకుంటూ అంది. "నిన్న పొద్దుట్నించీ నా రాక వాళ్లకు ఆనందంగానే ఉందంట మీరయ్యన్నా. ఆ ఆనందం తట్టుకోలేక తలుపు తీయట్లా."

మీరయ్య తలుపుకు చెవి ఆనించి, చెయ్యి చాచి మీట నొక్కాడు. బయట ఆడగొంతు తన పాఠం చెప్పింది. లోపల ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో చెంచాతో గ్లాసులో పంచదార కలుపుతున్నారు. అంతకు మించి ఏమీ లేదు.

"గంట మోగట్లా" అన్నాడు.

"మోగిందని అదే చెప్తంది గదయ్యా" అన్నాడు ఇంటిపన్ను కాగితం పట్టుకున్న ముసలాయన. "సర్కారు మిషను అబద్ధం చెప్పిద్దా?"

"మిషనుకు తెలియదు పెద్దాయనా. నొక్కంగానే మాట్లాడమని దానికి చెప్పారు. మాట్లాడతంది."

"అయితే ఎవురికి తెలుసు?"

"లోపలోళ్లకు తెలియాల. గంట మోగందే వాళ్లకు తెలియదు."

ముసలాయన ఆ మాట కాసేపు ఆలోచించి, లాభం లేదనుకుని మళ్లీ మీట నొక్కాడు. ఆయన రాక కూడా ఆనందదాయకమే అయింది.

మూడోనాడు శేషమ్మ తన అభ్యంతరాన్ని రిజిస్టరు పోస్టులో పంపింది. పోస్టుమాన్ వచ్చి మీట నొక్కాడు, వేచి ఉన్నాడు, కవరు మీద "చిరునామాదారు లేరు" అని రాసి ఆమె చేతికే తిరిగిచ్చి పోయాడు.

సిబ్బందికి వెనక గేటు ఉంది. అక్కడ గంట లేదు, వేలిముద్ర మిషను ఉంది. ఐదోనాడు మీరయ్య చుట్టూ తిరిగి అక్కడికి పోయాడు. అటెండరు మార్తమ్మ గేటు అవతల కుళాయి దగ్గర టీగ్లాసులు కడుగుతోంది.

"అమ్మాయ్, ఈ కాయితం కాస్త లోపలియ్యి."

మార్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టుకోకూడదు బాబాయ్. గంట మోగకుండా కాయితం తీసుకుంటే ఉజ్జోగం పోద్దన్నారు."

"గంట మోగదు గదా."

"ఆ మాట అనబాక!" మార్తమ్మ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "అసలది ఏనాడూ మోగలా. పెద్దసారు వచ్చిననాడు ఏఈ గారు నా చేతికి చర్చిలో ఊపే గంట ఇచ్చి, తలుపెనక నిలబెట్టారు. ఆయన నొక్కంగానే నువ్వు ఊపాల అన్నారు. ఊపినా. చెయ్యి లాగేసి ఎడంచేత్తో కూడా ఊపినా. అంతా ఈడియో తీశారు. ఇప్పుడు మోగట్లేదంటే, ఆనాడు పెద్దసారును మోసం చేశామని ఒప్పుకున్నట్టే గదా. అందుకని మోగతానే ఉంది."

"లోపలోళ్లు ఏమనుకుంటన్నారు?"

"ఎవురూ రావట్లేదనుకుంటన్నారు. కమిషనరు గారు వారం వారం పైకి రాస్తన్నారు, సందర్శకులు సున్న, ఫిర్యాదులు సున్న అని. పైనించి మెచ్చుకుంటా ఉత్తరమొచ్చింది బాబాయ్. గాజుచట్రం కట్టించి గోడకు తగిలించారు."

మీరయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దాని రోగమేందో నాకు తెలుసు. చూపిస్తే బాగుచేస్తానని మీ ఏఈకి చెప్పు."

ఆ కబురు నాలుగు రోజులకు పనికొచ్చింది. ఫిర్యాదులే లేని కార్యాలయం ఎలా ఉంటుందో కళ్లారా చూసి, అవార్డు ఇచ్చి పోవడానికి పైనుంచి అధ్యయన బృందం వస్తోందని తెలిసింది. వారు వస్తే మీట నొక్కుతారు. వాళ్లలో ఇద్దరు బయట నిలబడితే ఇద్దరు లోపలుంటారు. మార్తమ్మను తలుపు వెనక దాచడం కుదరదు.

తొమ్మిదోనాడు మీరయ్యను వెనక గేటు గుండా లోపలికి పిలిచారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, తేజోమూర్తి ఆయన వేలికి బదులు తన వేలు పెట్టి గేటు తీశాడు. హాలు చల్లగా, ప్రశాంతంగా ఉంది. గోడకు పళ్లెమంత ఇత్తడి గంట ఉంది. పాతకాలంలో అటెండర్లను పిలవడానికి పెట్టింది.

మీరయ్య మీటరు తీసి తీగలకు ఆనించాడు. ఐదు నిమిషాలు పట్టింది.

"సార్, బయట మీటకూ ఈ గంటకూ కలిపి పదహారు ఓల్టులు కావాల. మీ గోడమీదున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎనిమిది ఇస్తంది. ఆ ఎనిమిదీ దీపం వెలగటానికీ ఆడమనిషి మాట్లాడటానికీ సరిపోతన్నయి. గంట సుత్తి లేవటానికి చాలట్లా."

"టెండరులో బయటి పరికరం మాత్రమే ఉంది" అన్నాడు తేజోమూర్తి. "లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేరే పద్దు."

"ఇంకోటి. దీనికి ఫోనులో యాప్ ఉండాల గదా. చూపించండి."

తేజోమూర్తి ఫోను చూపించాడు. లోపలి గంట ఏ రకం అని యాప్ అడిగే చోట మూడు జవాబులున్నాయి. మెకానికల్, డిజిటల్, లేదు. తేజోమూర్తి "లేదు" పెట్టి ఉంచాడు.

"ఎదురుగా గంట ఉంది గదా సార్. లేదని ఎందుకు పెట్టారు?"

"మిగతా రెండింటికీ పై అనుమతి రాలేదు. లేదు అనడానికి అనుమతి అక్కర్లేదు."

దాని కిందే లెక్క కనిపించింది. నొక్కినవి: 1,316. లోపల మోగినవి: 0.

"పదమూడు వందల మంది వచ్చారు సార్."

"అవి నొక్కుళ్లు" అన్నాడు తేజోమూర్తి ఓపిగ్గా. "రాకలు కావు. రాక అంటే లోపల మోగినది. నివేదికలో అడిగేది అదే. నొక్కినప్పుడల్లా ఫోను వణుకుతోందని నేనే ఆ నోటిఫికేషన్లు రాకుండా ఆపేశాను."

కమిషనర్ సుధీంద్రబాబు గదిలోంచి బయటికి వచ్చాడు. నున్నగా దువ్విన తల, మెడలో గుర్తింపు కార్డు. తేజోమూర్తి చెప్పినదంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"చూడు మీరయ్యా. మోగని గంట అనే పదబంధం ఈ ఆవరణలో వాడకూడదు. గౌరవ ముఖ్య అతిథి గారి కరకమలాలతో మోగిన గంట ఇది. దృశ్య సాక్ష్యం ఉంది. కాబట్టి మనం మరమ్మతు చేయడం లేదు. మోగుతున్న గంట యొక్క నాదాన్ని పరిపుష్టం చేస్తున్నాం. ఫైలు ఆ శీర్షికతోనే నడుస్తుంది."

"ఏ పేరైనా పెట్టుకోండి సార్. ఫైలు నడిచే లోపల నా కాయితం తీసుకోండి." మీరయ్య జేబులోంచి తీశాడు. "ఇంకా ఆరు రోజులే గడువు."

సుధీంద్రబాబు ఆ కాగితాన్ని అంత దూరం నుంచే చూశాడు. "నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు?"

"మీ ముందర."

"కాదు. వెనక గేటు మిషనులో తేజోమూర్తి గారి వేలు నమోదైంది. నీది కాలేదు. ముందు గంట మోగలేదు. అంటే రికార్డు ప్రకారం నువ్వు లోపల లేవు. లేని మనిషి దగ్గర కాగితం తీసుకుంటే రేపు ఆడిట్‌లో నేనేం సమాధానం చెప్పాలి?"

"బయటికి పోయి నొక్కితే?"

"తప్పకుండా. మోగగానే స్వీకరిస్తాం. అది నీ హక్కు."

"నేను బాగుచేస్తే గదా మోగేది."

"చేయి మరి."

"పదహారు ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాల. రేపు తెస్తా."

"రేపు వద్దు" అన్నాడు సుధీంద్రబాబు. "నాద పరిపుష్టిపై ఒక కమిటీ వేయాలి. దాని సిఫారసు వచ్చాక కబురు చేస్తాం."

కమిటీలో ముగ్గురు సభ్యులు. మూడు రోజులు కూర్చున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే పాతది పనికిరాదని రాయాలి. పనికిరాదంటే గంట మోగలేదని తేలుతుంది. కాబట్టి తీగల జోలికి పోకుండా నాదాన్ని పరిపుష్టం చేసే మార్గం కనిపెట్టారు. లోపల గంట ఊపడానికి ఒక మనిషి ఉండాలి. ఆ పదవికి అంతర్నాద సహాయకురాలు అని పేరు. దానిని మార్తమ్మకు అప్పగించి, గంట దగ్గర్నుంచి ఎట్టి పరిస్థితిలోనూ కదలరాదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. అయితే బయట ఎవరు నొక్కారో లోపలున్న మార్తమ్మకు తెలియదు. అందుకని బయట ఇంకో మనిషి ఉండాలి. ఎవరైనా నొక్కగానే లోపలికి వినపడేలా అరవడం అతని విధి. బస్టాండులో ఊళ్ల పేర్లు అరిచే అంజయ్యను దానికి తీసుకున్నారు.

పదమూడోనాడు పొద్దున శేషమ్మ మీట నొక్కింది. ఆడగొంతు ఆనందపడింది.

"ఒకరూ! ఒకరూ! ఒకరొచ్చారూ!" అని అంజయ్య అరిచాడు. బజారు చివరున్న ఆటో కూడా ఆగింది.

లోపల మార్తమ్మ చేతిగంట ఊపింది. తలుపు తెరుచుకుంది. అరవై ఆరు రోజుల తర్వాత ఆ తలుపు తెరుచుకోవడం చూసి మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు. శేషమ్మ కొంగు సర్దుకుని లోపలికి పోయింది. నాలుగు నిమిషాలకు అదే కాగితంతో బయటికి వచ్చింది.

"ఏమన్నారు?" అని మీరయ్య అడిగాడు.

"గంట మోగింది గానీ ఫోనులో నంబరు పడలేదంట. చేత్తో ఊపితే పడదంట. నంబరు లేని కాయితం తీసుకుంటే యాడ రాసుకోవాలని నన్నే అడుగుతన్నాడు." శేషమ్మ మెట్టు మీద కూలబడింది. "నేను చెప్పిన చోట రాసుకోడులే మీరయ్యన్నా."

అంజయ్య తన డ్యూటీ మానలేదు. సాయంత్రం దాకా ఎనభై ఏడుమందిని అరిచాడు. ఎనభై ఏడు కాగితాలూ వెనక్కి వచ్చాయి. సుధీంద్రబాబు ఆ వారం నివేదిక మీద సంతకం చేశాడు. సందర్శకులు సున్న. పౌరుల సంతృప్తి సంపూర్ణం.

అధ్యయన బృందం రావలసిన రోజు పదహారోది. ఆ సంగతి పద్నాలుగోనాడు సాయంత్రం అంజయ్య గొంతు పూర్తిగా బొంగురుపోయాక సుధీంద్రబాబుకు గుర్తొచ్చింది. అంజయ్యనూ మార్తమ్మనూ చూపిస్తే అవార్డు రాదు. తేజోమూర్తిని కొట్టుకు పంపాడు.

మీరయ్య అప్పటికే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి పెట్టుకున్నాడు. పదోనాడే, మధ్యాహ్నం భోజనానికి పోకుండా, కాశింబీ మిషను ముందు కూర్చుని చుట్టాడు. మూడుసార్లు లెక్క తప్పి మూడుసార్లు విప్పాడు. నాలుగోసారి కుదిరింది.

పదిహేనోనాడు మూడు గంటలకు తేజోమూర్తి వేలితో మళ్లీ లోపలికి పోయాడు. పాతది విప్పి కొత్తది బిగించాడు. మీటరు ఆనించాడు. పదహారు.

"ఫోను తీయండి సార్. లేదు అన్నచోట మెకానికల్ అని పెట్టండి."

తేజోమూర్తి తటపటాయించాడు. "అనుమతి..."

"రేపు వచ్చేవాళ్లు ఫోను అడుగుతారు సార్. మోగే గంటను మీరు లేదని రాశారని చూస్తే, అది మీకు చుట్టుకుంటదా, కమిషనరు గారికి చుట్టుకుంటదా?"

తేజోమూర్తి వెంటనే మార్చాడు.

"ఒకసారి నొక్కి చూస్తా" అని మీరయ్య వెనక గేటు గుండా బయటికి వచ్చి, గోడ చుట్టూ తిరిగి ముందుకు నడిచాడు. గానుగ వీధి వాళ్లంతా మెట్ల మీదే ఉన్నారు. చివరి రోజు గనుక నలభై ఒక్కమందీ వచ్చారు. మీరయ్య జేబులోంచి కాగితం తీసి ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో మీట నొక్కాడు.

ఎనిమిది ఓల్టులతో అరవై ఎనిమిది రోజులు మూగగా ఉన్న గంటకు ఒక్కసారిగా పదహారు అందాయి. పళ్లెమంత ఇత్తడి గంట గోడ అదిరేలా మోగింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మెచ్చుకోలు ఉత్తరం చట్రంతో సహా కిందపడింది.

లోపలున్న ఇరవై మంది ఉద్యోగులకు ఆ శబ్దం ఏమిటో తెలియదు. వాళ్లు దాన్ని ఎప్పుడూ వినలేదు. అంతకు పది రోజుల ముందే ఆఫీసులో నిప్పు ప్రమాదాల శిక్షణ జరిగింది. ఎప్పుడూ వినని మోత వినపడితే కాగితాలు వదిలేసి వెనక గేటు గుండా సైకిలు స్టాండులోకి పరుగెత్తాలని నేర్పారు. వాళ్లు నేర్చుకున్న పనుల్లో చేతికొచ్చింది అదొక్కటే. పరుగెత్తారు. అందరికంటే ముందు, రేపు చదవవలసిన అవార్డు ప్రసంగం చేతపట్టుకుని, సుధీంద్రబాబు పరుగెత్తాడు. వెనకే తేజోమూర్తి, అంతసేపూ గంట పక్కనే నిలబడ్డవాడు, అందర్నీ చూసి తనూ పరుగెత్తాడు.

మార్తమ్మ కదల్లేదు. గంట దగ్గర్నుంచి ఎట్టి పరిస్థితిలోనూ కదలరాదని ఆమె దగ్గర కాగితం ఉంది. గంట మోగితే తలుపు తీయాలని కూడా ఉత్తర్వులో ఉంది గనుక పోయి తలుపు తీసింది.

"మోగింది బాబాయ్!"

"నంబరు పడిందా?"

తేజోమూర్తి ఫోను బల్లమీదే పడి ఉంది. మార్తమ్మ చూసింది. "లోపల మోగినవి ఒకటి."

"తీసుకోవాల్సినోళ్లు యాడ?"

మార్తమ్మ ఖాళీ హాలు వంక చూసింది. "లేరు. పదకొండు పేజీల కాయితంలో ఒక మాట ఉంది బాబాయ్. నాకు పది మాట్లు చదివి వినిపించారు. గంట మోగిన తక్షణం అందుబాటులో ఉన్న ఉద్యోగి స్వీకరించాలని. అందుబాటులో ఉన్నది నేనేగా."

ఆమె గుమాస్తా కుర్చీలో కూర్చుంది. స్వీకరించడమైనది అన్న ముద్ర తీసుకుంది. మీరయ్య కాగితం మీద వేసి, తేదీ రాసి, ఒకటో నంబరు వేసి, నకలు తిరిగిచ్చింది. ఆమె చేతిరాత గుమాస్తా చేతిరాత కంటే గుండ్రంగా ఉంది.

మీరయ్య బయటికొచ్చి మీట పక్కన నిలబడ్డాడు. "తోసుకోబాకండి. తలుపు తెరిచుందని ఊరికే లోపలికి పోబాకండి. ఒక్కొక్కరే నొక్కాల. మోగినాకే పోవాల."

"తెరిచున్న తలుపుకు బెల్లేంది మీరయ్యన్నా?" అంది శేషమ్మ.

"నొక్కమ్మా. వాళ్ల చట్టమే వాళ్లకు పెడదాం."

శేషమ్మ నొక్కింది. ఆఫీసు అదిరింది. సైకిలు స్టాండులో ఉద్యోగులు ఇంకో పదడుగులు వెనక్కి జరిగారు. అలా నలభై రెండుసార్లు మోగింది. చివరి కాగితం మీద ముద్ర పడేసరికి ఐదుకు పది నిమిషాలుంది.

గంట ఆగి కొంతసేపయ్యాక, పొగ ఎక్కడా కనపడక, సుధీంద్రబాబు లోపలికి వచ్చాడు. బల్లమీద నలభై రెండు కాగితాలు చూశాడు.

"ఏమిటివి?"

"అభ్యంతరాలు సార్" అంది మార్తమ్మ లేచి నిలబడి.

"చెల్లవు! బాధ్యతగల సిబ్బంది ఎవరూ లేని సమయంలో స్వీకరించినవి ఎలా చెల్లుతాయి?"

"ఎందుకు లేరు సార్?" అన్నాడు మీరయ్య గుమ్మంలోంచి.

"ఎందుకేమిటి? ఆ గంట ఒక్కసారిగా మోగేసరికి..."

మీరయ్య తొందరపడలేదు. ఆయనకు తొందర లేదు.

"మొదటిరోజునించీ రోజూ మోగతన్న గంటే గదా సార్. రోజూ మోగే గంటకు ఆఫీసంతా లేచి పరుగెత్తిందని రాస్తారా? రాయండి. ఈడియో కూడా జతచేయండి."

తేజోమూర్తి గోడ వంక చూశాడు. గుమాస్తా ముద్ర వంక చూశాడు. సుధీంద్రబాబు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, నలభై రెండు కాగితాల మీదా సంతకాలు చేశాడు.

మర్నాడు అధ్యయన బృందం వచ్చింది. ఫిర్యాదులు లేని కార్యాలయమని విని వచ్చినవారికి, డెబ్బై నిమిషాల్లో నలభై రెండు కాగితాలు, అదీ ఒకే ఒక్క ఉద్యోగి స్వీకరించిన రికార్డు కనిపించింది. ఇది ఇంకా పెద్ద సంగతని తేల్చారు. అతి వేగంగా స్పందించిన కార్యాలయంగా అవార్డు ఇచ్చారు. సుధీంద్రబాబు తన ప్రసంగంలో సున్న అన్నచోటల్లా నలభై రెండు అని దిద్దుకుని చదివాడు. మార్తమ్మ టీలు అందించింది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు.

అదే రోజు పొద్దున గానుగ వీధి మొదట్లోకి వచ్చిన పొక్లెయినర్, అభ్యంతరాల విచారణ ముగిసేదాకా ఆగమని కబురందుకుని వెనక్కి తిరిగింది. పది రోజులకు ఒక సర్వేయరు వచ్చి ఎడమవైపు బండ్ల స్టాండు కొలిచాడు. అక్కడ అంత జాగా ఉందా అని ఆశ్చర్యపోయాడు. ఆయన ఆ ఊళ్లో పనిచేయబట్టి ఎనిమిదేళ్లు. వెడల్పు అటే తీసుకుంటామని విచారణలో రాశారు. ఎర్రగీతల మీద సున్నం కొట్టుకోవచ్చని కూడా రాశారు, సొంత ఖర్చుతో.

నెల తిరక్కుండా తేజోమూర్తి మీరయ్య కొట్టుకు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక చెవిలో దూది ఉంది.

మీరయ్య పంపుమోటారు ఒకటి విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"రోజుకు మూడు వందలసార్లు మోగుతోంది మీరయ్యా. ఊరూరంతా వచ్చి నొక్కుతోంది. ఎవరికీ పని సాగడం లేదు. కమిషనర్ గారికి రక్తపోటు వచ్చింది. ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉందిగా, ఎనిమిది ఓల్టులది, అది మళ్లీ..."

"పెడతా. గంట మోగకుండా చేయమని ఒక కాయితం మీద రాసి, సంతకం పెట్టియ్యండి."

"అది రాయడానికి వీల్లేదు. నీకు తెలుసు కదా."

"తెలుసు."

తేజోమూర్తి బల్ల అంచున కూర్చున్నాడు. మీరయ్య ఇంకో రెండు మరలు విప్పాడు.

"పోనీ, ఇంకే సాంకేతిక మార్గమూ లేదా? మోత తగ్గడానికి?"

"ఒకటుంది."

తేజోమూర్తి ఆత్రంగా జేబులోంచి పుస్తకం, కలం తీశాడు. "చెప్పు."

"వచ్చినోడి కాయితం తీసుకుని, అడిగిన పని చేసి పంపండి. వాడు మళ్లీ రాడు. మోత దానంతటదే తగ్గిద్ది."

తేజోమూర్తి ఆ మాటను పొల్లుపోకుండా రాసుకున్నాడు. కింద గీత గీశాడు. కాసేపు ఆలోచించి, దాని పక్కనే బ్రాకెట్లో, ఆచరణ సాధ్యాసాధ్యాలపై కమిటీ వేయవలెను, అని చేర్చి, పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.